ఎవరి పాలు

“ఆ మెట్టెక్కావంటే నా మీద ఒట్టే.”

అక్క మేడమెట్లకు అడ్డంగా నిలబడింది. చేతుల్లో ఇస్త్రీకి తీసిన దుప్పట్ల కట్ట ఉంది. దాన్ని కింద పెట్టాలన్న ధ్యాస కూడా లేక గుండెకు అదుముకుని నిలబడింది.

సూదమ్మ ఒక కాలు మొదటి మెట్టు మీద పెట్టి ఉంది. అది వెనక్కి తియ్యలేదు, రెండోది ముందుకు వెయ్యనూ లేదు.

పైన గదిలో అక్క కూతురు పిట్ట తన పాపతో ఏవో ఊసులాడుతోంది. కింద లాండ్రీలో పెద్ద మెషీను నీళ్ళు వదిలేసి గిరగిరా తిరగడం మొదలుపెట్టింది. ఆ ఊపుకి మెట్ల కమ్మీ సన్నగా అదురుతోంది.

“పక్కకు జరుగక్కా.”

“జరగను.”

“నిన్న చెప్పినప్పుడు సరే అన్నావు.”

“సరే అనలేదు. నోట మాట రాలేదు. ఆ రెండిటికీ తేడా తెలియకుండానే ఇన్నేళ్ళు నాతో ఉన్నావా?”

సన్నగా ఉండేదని చిన్నప్పుడు అక్క పెట్టిన పేరే సూదమ్మ. తర్వాత ఆమె నిజంగానే సూదీ దారం పట్టుకుని బతుకుతుందని అప్పుడెవరూ అనుకోలేదు. లాండ్రీ ముందుభాగంలో, కిటికీ పక్కన ఆమె కుట్టుమిషను ఉంటుంది. ఎక్కడ చిరుగు కనబడినా ఆ దుప్పటి ముందు సూదమ్మ దగ్గరికి పోయి, తర్వాత అక్క ఇస్త్రీ బల్ల మీదికి వస్తుంది.

“ఏమిటా గుసగుసలు?” గోడ వెనక గదిలోంచి బావ అరిచాడు. “నాకు విరిగింది కాలు. చెవులు కాదు.”

“నువ్వు పడుకో,” అంది అక్క.

“పడుకునే ఉన్నాను. పరిగెత్తమన్నా పరిగెత్తలేను కదా.”

అంతా ఆ కాలుతోనే మొదలైంది. బావ ఆపరేషనుకి రక్తం కావాలంటే సూదమ్మ ఇవ్వడానికి వెళ్ళింది. ఆమె ఇచ్చింది వాళ్ళు వాడలేదు. మళ్ళీ రమ్మని ఫోను చేసి, మళ్ళీ తీశారు. చివరికి నిన్న డాక్టరమ్మ తలుపు మూసి, కుర్చీ దగ్గరికి లాక్కుని, చిన్నపిల్లకు చెప్పినట్టు విడమరిచి చెప్పింది.

రక్తంలో ఒక వైరస్ ఉంది. చాలామందికి అది ఉన్నట్టే తెలియదు, బతికినన్నాళ్ళూ ఏమీ చెయ్యదు. కొద్దిమందికి మాత్రం ఎన్నో ఏళ్ళు గడిచాక రక్తకేన్సర్ తెస్తుంది. ముట్టుకుంటే అంటదు, ఒకే కంచంలో తిన్నా అంటదు. తల్లి నుంచి బిడ్డకు పాలతో వెళ్తుంది. ఎక్కువకాలం ఇస్తే వెళ్ళే అవకాశం ఎక్కువ.

“మీరెవరికైనా పాలిచ్చారా?” అని అడిగింది డాక్టరమ్మ.

సూదమ్మకు పుట్టిన ఒక్క బిడ్డా పురిట్లోనే పోయింది. రొమ్ములకు ఆ సంగతి తెలియనట్టు పాలు పడుతూనే ఉన్నాయి. అప్పుడే అక్కకు కూతురు పుట్టింది. అక్క ఒళ్ళు తెలియని జ్వరంతో మంచాన పడింది. పసిది పొద్దస్తమానం పిట్టలా నోరు తెరుచుకుని ఏడుస్తుంటే సూదమ్మ ఒళ్ళోకి తీసుకుంది. అలా తీసుకున్నది, పిల్లకు నడక వచ్చి, కుట్టుమిషను పెడల్ మీద కూర్చుని ఆడుకునేదాకా ఇచ్చింది.

ఇప్పుడు ఆ పిట్టకే పాప. మేడ మీద, తల్లి రొమ్ము పట్టుకుని.

ఫోను మోగింది. హోటలు వాళ్ళు. వ్యాను బయల్దేరింది, దుప్పట్లు సిద్ధమేనా అని.

“మడతలు కూడా అయిపోయాయి,” అని నిలువునా అబద్ధమాడి, అక్క ఫోను పెట్టేసింది. “రా. ముందు ఈ పని కానీ. ఆ తర్వాత నన్ను చంపుదువుగాని.”

పెద్ద దుప్పటి మడవాలంటే నాలుగు చేతులు కావాలి. ఎంత కోపమొచ్చినా ఆ పని ఒంటిచేత్తో అయ్యేది కాదు. సూదమ్మ మెట్టు దిగి రెండు కొసలు అందుకుంది. ఇద్దరూ చెరో వైపు లాగారు. తడి ఆవిరి వాసన మొహాన కొట్టింది.

“లేదని చెప్పాల్సింది,” అంది అక్క.

“ఎవరికి?”

“ఆ డాక్టరుకి. పాలిచ్చావా అంటే, లేదని. అక్కడితో పోయేది.”

“అబద్ధం చెబితే వైరస్ వింటుందా?”

“నాతో వేళాకోళాలొద్దు.” అక్క దుప్పటిని గట్టిగా విదిలించింది. కొస సూదమ్మ వేళ్ళలోంచి జారింది. మళ్ళీ పట్టుకుంది. దగ్గరకు నడిచి, కొసలు అక్క చేతిలో పెట్టి, వంగి కింది మడత అందుకుని, మళ్ళీ వెనక్కి నడిచింది.

“పిట్టకు ఉందని ఎవరన్నారు?” అంది అక్క.

“ఎవరూ అనలేదు. ఉండొచ్చు, లేకపోవచ్చు. పరీక్ష చేస్తే తెలుస్తుంది.”

“అయితే నెత్తురు తక్కువుందని చెప్పి తీసుకెళ్దాం. రక్తం ఇస్తుంది. లేదని తేలితే దానికి ఈ గొడవే తెలియక్కర్లేదు.”

“తేలడానికి రోజులు పడుతుంది. ఈలోగా పాప ఏం తాగుతుంది?”

అక్క మరో దుప్పటి విప్పింది.

“చెప్పక్కా. ఈలోగా పాప ఏం తాగుతుంది?”

“పుట్టినప్పటి నుంచీ తాగుతున్నదే. ఇంకో నాలుగు రోజులకు కొంప మునుగుతుందా?”

“మునుగుతుందో లేదో నాకు తెలియదు. నీకూ తెలియదు. తెలియనప్పుడు ఆపడమే మంచిదని ఆవిడ చెప్పింది.”

“ఆవిడ చెబుతుంది. పిట్టకు ఆ పాలు పడడానికి ఎంత యాతన పడ్డామో ఆవిడ చూసిందా? పగుళ్ళతో, జ్వరంతో, పళ్ళు బిగబట్టి... ఇప్పుడిప్పుడే పిల్ల పట్టుకుంటోంది. ఇప్పుడెళ్ళి, తియ్యి, నీ పాలు విషం అని చెబుతావా?”

“విషం అనను.”

“ఏమంటావు మరి?”

సూదమ్మ దగ్గర ఆ మాట లేదు. నిన్నటి నుంచి వెతుకుతూనే ఉంది. కుడుతున్నప్పుడు, బాబిన్ మారుస్తున్నప్పుడు, పళ్ళు తోముకుంటున్నప్పుడు కూడా వెతికింది. ఏ మాటతో మొదలుపెట్టినా చివరకు అది పాప నోటి దగ్గరే ఆగుతోంది.

ఇద్దరూ దుప్పటితో దగ్గరకొచ్చారు. ఈసారి అక్క కొసలు వదల్లేదు. చెల్లెలి మొహంలోకి మొహం పెట్టి చూసింది.

“నీకు లోపల సంతోషంగానే ఉండుంటుంది,” అంది గొంతు తగ్గించి.

“ఏమన్నావు?”

“విన్నావుగా. ఇన్నేళ్ళూ అందరి నోటా అదే మాట. చిన్నమ్మ పాలు తాగి బతికింది, చిన్నమ్మ పోలికలే వచ్చాయి, చిన్నమ్మ లేకపోతే ఈ పిల్లేది అని. దాని పెళ్ళిలో కూడా ఎవరో నా మొహం మీదే అన్నారు. నేను నవ్వాను. మాటలొచ్చిన కొత్తలో నిన్నే అమ్మా అంది. అప్పుడూ నవ్వాను. ఇప్పుడు దాని రక్తం కూడా నీదేనని చెప్పడానికి మేడెక్కుతున్నావు. ఇంకా నవ్వమంటావా?”

మెషీను ఆగింది. ఆగినట్టు ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. అంత నిశ్శబ్దం ఆ గదిలో ఎప్పుడూ ఉండదు.

“సూదమ్మా,” అన్నాడు గోడవతల నుంచి బావ. ఈసారి ఆయన గొంతులో హాస్యం లేదు. “నువ్వు వెళ్ళమ్మా పైకి.”

“నువ్వు మధ్యలో దూరకు,” అంది అక్క.

“దూరక ఏం చెయ్యను? అది నా మనవరాలు కూడా.”

అక్క చేతుల్లోంచి దుప్పటి కొసలు జారాయి. సూదమ్మ ఆ దుప్పటిని ఒక్కతే ఎలాగో మడిచి, వంకరటింకరగా బల్ల మీద పెట్టి, మెట్లెక్కింది. వెనక నుంచి ఎవరూ ఆపలేదు.

*

పిట్ట మంచం మీద గోడకు చేరగిలబడి కూర్చుంది. జుట్టు చెదిరి ఉంది. మొహం మాత్రం వెలిగిపోతోంది.

“రా చిన్నమ్మా, చప్పుడు చెయ్యకు. చూడు, ఎలా లాగుతోందో. నిన్నటి నుంచి అసలు నొప్పే లేదు.”

పాప చెంపలు కదులుతున్నాయి. గుటక పడ్డప్పుడల్లా చిన్న శబ్దం వస్తోంది. ఆ శబ్దం సూదమ్మకు కొత్తది కాదు.

“కూర్చో. నించునే ఉన్నావేం? కిందేంటి గొడవ? అమ్మ మళ్ళీ హోటలు వాళ్ళతో పోట్లాడిందా?”

సూదమ్మ మంచం అంచున కూర్చుంది. లేచింది. కిటికీ రెక్క వేసింది. మళ్ళీ తీసింది.

“చిన్నమ్మా,” అంది పిట్ట, నవ్వు సగంలో ఆగిపోయి. “ఏమైంది? రక్తం వాళ్ళు మళ్ళీ రమ్మన్నారన్నావు. ఏం చెప్పారు?”

అడిగేసింది. ఇక మొదటి మాట వెతుక్కునే పని లేకపోయింది.

సూదమ్మ చెప్పింది. డాక్టరమ్మ చెప్పిన వరసలోనే చెప్పాలనుకుంది గాని, మాటలు ముందుకీ వెనక్కీ పడ్డాయి. చాలామందికి ఏమీ కాదు అన్న ముక్క మూడుసార్లు చెప్పింది. కేన్సర్ అన్న మాట ఒక్కసారే, అదీ నోట్లోనే అంది. పాల సంగతి దగ్గరకు వచ్చేసరికి ఆగిపోయింది.

పిట్ట తెలివితక్కువది కాదు. మిగతాది తనే అతికించుకుంది. తన ఒళ్ళోకి చూసుకుంది.

పాప ఇంకా తాగుతూనే ఉంది.

“ఇప్పుడే తీసెయ్యాలా?” అంది పిట్ట.

“పరీక్ష అయ్యేదాకా ఆపమంది. డబ్బా పాలు పట్టమంది.”

“ఒక్క నిమిషం. నిద్రలోకి జారుతోంది.”

“సరే.”

“నాకు ఉంటే, పాపకు ఇప్పటికే వెళ్ళిపోయి ఉంటుందా?”

“చెప్పలేమంది. తక్కువ రోజులిస్తే ఎక్కువ మంది పిల్లలకు వెళ్ళదంది. పాపకు ఇప్పుడే పరీక్ష చేసినా తేలదట. కాస్త పెద్దదవ్వాలట.”

పిట్ట తలూపింది. వింటున్నట్టే ఉంది గాని, ఆమె చెయ్యి పాప వీపు మీద ఆగకుండా అటూ ఇటూ తిరుగుతోంది.

“అమ్మకు తెలుసా?”

“తెలుసు,” అన్న జవాబు గుమ్మంలోంచి వచ్చింది. అక్క ఎప్పుడు మెట్లెక్కిందో ఎవరికీ వినబడలేదు.

“ఎప్పటి నుంచి?”

“నిన్న సాయంత్రం.”

“నిన్న సాయంత్రం నుంచి ఎన్నిసార్లు ఇచ్చానో తెలుసా అమ్మా? నువ్వే కదా పాపను తెచ్చి అందించావు. దిండు సర్దింది కూడా నువ్వే.”

అక్క గుమ్మం దాటి లోపలికి వచ్చి, మంచం పక్కన నిలబడింది.

పిట్ట చిటికెనవేలు పాప పెదవి అంచున దూర్చి మెల్లగా విడదీసింది. పాప నిద్రలోనే గాలిని నాలుగైదు గుటకలు మింగింది. అక్క రెండు చేతులూ చాచింది. అలవాటు కొద్దీ సూదమ్మ కూడా చాచింది.

పిట్ట ఇద్దరికీ ఇవ్వలేదు. పాపను పక్కనున్న ఉయ్యాలలో పడుకోబెట్టి, జాకెట్టు సర్దుకుని, మొగుడికి ఫోను చేసింది.

అల్లుడు బస్సు డిపోలో మెకానిక్కు. చేతుల గ్రీజు కూడా సరిగా కడుక్కోకుండా పాలపొడి డబ్బా పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. డబ్బా మీద రాసింది రెండుసార్లు చదివాడు. ఇంజనులో నూనె కొలిచినట్టు సీసాను కంటికి ఎదురుగా ఎత్తి పట్టుకుని, గీత దాకా నీళ్ళు పోశాడు. ఏమైందని ఎవరినీ అడగలేదు. అడిగితే ఎవరో ఒకరు ఏడుస్తారని భయపడ్డట్టున్నాడు.

పాప సీసా పట్టలేదు. మొహం తిప్పేసి, ఊపిరి బిగబట్టి, ఎర్రగా కంది ఏడ్చింది. ఆ ఏడుపుకి పిట్ట జాకెట్టు ముందు భాగం తడిసిపోయింది. ఆమె గోడవైపు తిరిగి కూర్చుంది. రెండు చేతులూ చంకల్లో బిగించుకుంది.

సూదమ్మ చూడలేక కిందికి వచ్చేసింది. మిషను ముందు కూర్చుని, చిరుగు లేని దుప్పటికి అంచు పొడవునా కుట్టేసింది. వ్యాను వచ్చింది, హారను కొట్టింది, సగం దుప్పట్లతోనే వెళ్ళిపోయింది.

*

మర్నాడు పొద్దున రక్తకేంద్రం వరండాలో నలుగురూ ఒకే బల్ల మీద కూర్చున్నారు. ఎవరి పక్కన ఎవరు కూర్చోవాలన్నది ఎవరూ అనకుండానే తేలింది. పిట్ట మధ్యలో, అటు అక్క, ఇటు సూదమ్మ, చివర పాపతో అల్లుడు. పాప ఎట్టకేలకు సీసాకు లొంగింది. అల్లుడు ఆ సంగతి వచ్చేపోయేవాళ్ళకు కూడా చెబుతున్నాడు.

ఇంటి నుంచి ఇక్కడిదాకా అక్క ఒక్క మాట మాట్లాడలేదు. సూదమ్మ రెండుసార్లు “అక్కా” అని పిలిచి, ఆమె తల తిప్పకపోవడంతో ఊరుకుంది.

లోపలికి పిలిచారు. పాపను, తండ్రిని బయట ఉంచి ముగ్గురు ఆడవాళ్ళూ వెళ్ళారు. నర్సు పిట్ట చేతి నుంచి రక్తం తీసింది. పిట్ట అటు చూడలేదు. గోడ మీదున్న మచ్చనేదో చూస్తూ కూర్చుంది.

డాక్టరమ్మ సూదమ్మ వైపు తిరిగింది. “మీ అమ్మగారు ఉన్నారా?”

“లేదండి. నేను మిషను నేర్చుకుంటున్న రోజుల్లోనే పోయింది.”

“ఏం జబ్బు?”

“తెలియదు. మెడలో గడ్డలు లేచాయి. జ్వరం తగ్గేది కాదు. చివర్లో ఒళ్ళంతా దద్దుర్లు. ఫలానా అని ఎవరూ తేల్చలేదు.”

డాక్టరమ్మ కాగితం మీద రాసుకుంది. “ఆవిడ పాలు మీరిద్దరూ తాగారు కదా?”

“తాగామండి.”

“అయితే మీకు అక్కడి నుంచే వచ్చి ఉండొచ్చు. తప్పకుండా అని చెప్పలేను.” ఆమె అక్క వైపు చూసింది. “మీకూ పరీక్ష చేస్తాం. మీలో ఉన్నా ఉండొచ్చు.”

సూదమ్మ తన ఒంట్లో ఉన్నది తనతోనే మొదలైనట్టు రెండు రోజులుగా కుమిలిపోయింది. తన కంటే ముందు అమ్మ ఉందని, ఆ ఒళ్ళో తన కంటే ముందు అక్క పడుకుందని తట్టనేలేదు.

“ఇంకొకటి,” అంది డాక్టరమ్మ అక్కతోనే. “మీరు ఈ అమ్మాయికి పాలిచ్చారా?”

“అక్కకు అప్పుడు ఒంట్లో...” అని సూదమ్మ మొదలుపెట్టింది.

“ఇచ్చాను,” అంది అక్క.

గదిలో అందరి తలలూ అటు తిరిగాయి.

“జ్వరం కాస్త తగ్గాక ఇచ్చాను. మందులు మింగుతున్నావు, ఇవ్వకూడదని పెద్దవాళ్ళు తిట్టారు. అందుకని ఎవరికీ చెప్పలేదు. చెల్లెలు నిద్రపోయాక తీసుకునేదాన్ని. నాకూ పడేవి పాలు. ఎండిపోయాయని అందరూ అనేశారు గాని, పడేవి.” అక్క చీర కుచ్చెళ్ళను గుప్పిట్లో నలుపుతోంది. “కాబట్టి దానికి ఉంటే, నా నుంచి కూడా వచ్చి ఉండొచ్చు. రాసుకోండి.”

డాక్టరమ్మ రాసుకుంది. నర్సు అక్క మోచేతి పైన రబ్బరుపట్టీ కట్టింది. బరువైన ఇస్త్రీపెట్టె మోసిన చెయ్యి. నరం వెంటనే దొరికింది. సూది దిగింది. అక్క కళ్ళార్పకుండా, గొట్టంలో ఎర్రగా ఎక్కుతున్నదాన్నే చూస్తోంది.

“ఎప్పుడు తెలుస్తుంది?” అని అడిగింది. ఇంట్లో ఎవరి పరీక్ష ఫలితాల కోసమో ఎదురుచూస్తున్నట్టుగా ఉంది ఆ అడగడం. భయపడుతున్న మనిషి గొంతు కాదది. సూదమ్మకు అర్థమైంది. తనకూ ఆ వైరస్ ఉండాలని అక్క కోరుకుంటోంది.

పిట్ట ఒక్కసారిగా తల్లి వైపు తిరిగింది. “నిజంగా ఇచ్చావా అమ్మా?”

అక్క పిడికిలి ఇంకాస్త బిగించింది.

“నన్ను చూసి చెప్పు.”

అక్క గొట్టం మీంచి చూపు తిప్పలేదు. పిట్ట ఇటు తిరిగింది. రాత్రంతా ఏడ్చిన కళ్ళు వాచిపోయి ఉన్నాయి.

“చిన్నమ్మా, నువ్వు చెప్పు. నువ్వు కూడా ఆ గదిలోనే ఉన్నావు కదా. అమ్మ నాకు పాలిచ్చిందా?”

ఆ రోజుల్లో సూదమ్మ ఉయ్యాల పక్కనే నేల మీద పడుకునేది. పోయిన బిడ్డ ఏడుపు చెవుల్లో మోగుతుంటే నిద్ర ఉండేదే కాదు. ఒక్క కునుకు పట్టినా పిల్ల కదిలితే లేచేది. అక్క మంచం దిగగా తాను ఏనాడూ చూడలేదు. చూడనంత మాత్రాన జరగలేదని చెప్పగలదా? ఒళ్ళెరగని అలసట కూడా ఉండేది మరి.

డాక్టరమ్మ కలం పట్టుకుని చూస్తోంది. పిట్ట చూస్తోంది. అక్క ఒక్కతే చూడడం లేదు. ఆమె మెడ నరాలు మాత్రం బిగుసుకున్నాయి.

“ఇచ్చింది,” అంది సూదమ్మ. “నేను చూశాను. నేను లేస్తే అక్క సిగ్గుపడుతుందని, కళ్ళు మూసుకుని పడుకున్నాను.”

అక్క తల విసురుగా ఇటు తిరిగింది. మొహంలో నెత్తుటి చుక్క లేదు.

“చూశావా?” అంది. “ఏం చూశావు నువ్వు?”

“చెయ్యి కదపకండమ్మా,” అంది నర్సు.